ముందు ఫారం చూపించండి!

మా ఇంట్లో వంట తర్వాత నాకు దఖలు పడిన శాఖ ఫారాలు నింపడం. పెళ్ళయిన కొత్తలో మా వారు రేషన్ కార్డు దరఖాస్తు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది కదా, కాస్త ఇది పూర్తిచేసి పెట్టు" అన్నారు. గుండ్రటి దస్తూరీ ఉన్న పాపానికి, ఆనాటి నుంచీ గ్యాస్ కనెక్షన్ మొదలు పిల్లల కాలేజీ అడ్మిషన్ల దాకా ఈ సంసారం తాలూకు గడులన్నీ నేనే నింపుతున్నాను. ఆఖర్న సంతకం పెట్టడం ఆయన వంతు. సంతకం మాత్రం అద్భుతంగా పెడతారు లెండి, ఎంత జాగా ఇచ్చినా చాలదు.

ఇన్నేళ్ళలో నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. ఫారం ఇంటికి రాగానే రెండు జిరాక్సులు తీయిస్తాను. మధ్యాహ్నం కాఫీ కలుపుకుని, మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉండే షరతులతో సహా, చదువుతాను. తర్వాత జిరాక్సు మీద పెన్సిలుతో నింపుతాను. తెలీనివి వదిలేస్తాను. మర్నాడు బీరువాలో ఆ కాగితాలన్నీ వెతికి, మా వారిని అడగాల్సినవి అడిగి, అంతా కుదిరాక అసలు ఫారం మీద పెన్ను పెడతాను. మూడో రోజుకి నిక్షేపంలాంటి దరఖాస్తు తయారు. నేను నింపిన ఫారం ఏ ఆఫీసు నుంచీ తిరిగొచ్చిన దాఖలా లేదు. గొప్పకి చెప్పుకోవడం లేదు, నాకు చెప్పుకోడానికి వేరే డిగ్రీలు లేవు మరి.

ఈ పద్ధతంటే బెంగుళూర్లో ఉన్న మా అబ్బాయికి ఒకటే నవ్వు. "అమ్మా, ఇంకా డౌన్‌లోడూ ప్రింటూ ఏమిటే! లింకు పంపాను, నొక్కు. పది నిమిషాల్లో అయిపోతుంది" అంటాడు.

అయిపోతుంది, నిజమే. ఏమైపోతుందన్నదే నా ప్రశ్న.

పేచీ ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆఫీసులవాళ్ళు మనకి ఫారాన్ని రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి, కంప్యూటర్లోంచో ఫోన్లోంచో దించుకునే కాగితం, పి.డి.ఎఫ్. అంటారే, అది. దించుకుని, అచ్చు తీయించుకుని, తీరిగ్గా నింపి పంపుకోవచ్చు. రెండోది, తెరమీదే ప్రశ్న, తెరమీదే జవాబు. చివర 'సబ్‌మిట్' అన్నచోట నొక్కితే మన చెయ్యి దాటి వాళ్ళ చేతిలో పడుతుంది. ఈ మొదటిదాన్ని ఇప్పుడు ఒక్కొక్కళ్ళే ఎత్తేస్తున్నారు. 'ఇకమీదట దరఖాస్తులు ఆన్‌లైన్లో మాత్రమే' అంటూ ఎర్రక్షరాల్లో ఒక ముక్క పెట్టేసి చేతులు దులుపుకుంటున్నారు. నా పోట్లాట కంప్యూటరుతో కాదు, ఆ 'మాత్రమే'తో.

పి.డి.ఎఫ్. పాతకాలందని మావాడి ధీమా. వాడి నోటితోనే చరిత్ర కూడా చెప్పించాను. అడోబీ అనే అమెరికా కంపెనీ దాన్ని విడుదల చేసింది 1993లో. ఏ యంత్రం మీద తెరిచినా కాగితం ఒకేలాగ కనిపించాలన్నది దాన్ని తలపెట్టిన జాన్ వార్నాక్ అనే ఆయన పట్టుదలట. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. తెరమీద నింపే ఫారాలకేమో 1995లో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 2.0లో చోటు దొరికింది. అంటే రెండూ ఇంచుమించు ఒక ఈడువే. రెండేళ్ళ తేడాకి ఒకర్ని తాతనీ, ఇంకొకర్ని పెళ్ళికొడుకునీ చెయ్యడం ఏం న్యాయం?

సరే, అసలు సంగతికొస్తాను. కాగితం ఫారం మన ముందు నిజాయితీగా పరుచుకుంటుంది. ఇవీ నా ప్రశ్నలు, ఇష్టమైతే నింపు, లేకపోతే మానెయ్ అంటుంది. తెరమీది ఫారం అలా కాదు. మూడు గడులు చూపించి ఊరుకుంటుంది. అవి నింపితేగాని నాలుగోది ఏమిటో చెప్పదు. పూర్వం కొందరు పెళ్ళివారుండేవారు. ముందు 'అమ్మాయికి వంట వచ్చా?' అని అడిగి, తర్వాత 'సంగీతం వచ్చా?' అని అడిగి, ఫలహారాలన్నీ అయ్యాక వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ కట్నం మాట ఎత్తేవారు. అచ్చం అదే వరస.

మా వారు ఒకసారి ఒక బీమా కంపెనీవారి ఫారం తెరమీద నింపుతూ ఆరో పేజీకి వచ్చారు. అక్కడ పాత పాలసీ నంబరు అడిగింది. బీరువా తాళాలు నా బొడ్లో ఉన్నాయి, నేను గుళ్ళో ఉన్నాను. నేనొచ్చి, పాలసీ తీసి, ఆయన కళ్ళజోడు వెతికి ఇచ్చేసరికి 'మీ సమయం ముగిసినది, మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించండి' అని ప్రత్యక్షమైంది. పరీక్ష హాల్లో కూడా ఆఖరి అయిదు నిమిషాలుందనగా ఒక గంట కొడతారే! ఇలా మూడుసార్లయింది. నాలుగోసారికి విసుగెత్తి, గుర్తున్న అంకె ఏదో వేసేశారు. అది తప్పు. దాన్ని దిద్దుకోడానికి ఇంకో ఫారం. అదీ ఆన్‌లైన్లోనే.

అప్పట్నుంచీ నేనొక దొంగెత్తు కనిపెట్టాను. ముందు పేజీల్లో ఏముందో చూడ్డానికి మొదటిసారి అన్నీ అబద్ధాలే నింపుతాను. పేరు దగ్గర ఏదో ఒకటి, పుట్టినతేదీ దగ్గర ఏదో ఒకటి, ఊరు దగ్గర ఇంకేదో. అలా నొక్కుకుంటూ ఆఖరి పేజీదాకా వెళ్ళి, ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో ఎత్తి రాసుకుని, 'సబ్‌మిట్' నొక్కకుండా పారిపోయి వస్తాను. ఏం అడుగుతారో తెలుసుకోడానికి గౌరవనీయమైన ఆడది అరవై దాటిన వయస్సులో అబద్ధాలాడాల్సి వస్తోంది చూడండి! ఆ ప్రశ్నల జాబితా వాళ్ళే ఒక కాగితం మీద ఇచ్చేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఎర్రచుక్కల సంగతి వేరే చెప్పాలి. గడి పక్కన ఎర్ర నక్షత్రం ఉంటే జవాబు తప్పనిసరి. మన జీవితం ఆ గడిలో పడుతుందా లేదా అన్నది దానికి అనవసరం. కాగితం మీదైతే 'వర్తించదు' అని రాస్తాం. ఇంకా చెప్పాల్సింది ఉంటే పక్క మార్జిన్లో రెండు ముక్కలు రాస్తాం. అవతల చదివేది మనిషే గనక అర్థం చేసుకుంటాడు. తెరకి మార్జిన్ ఎక్కడిది? ఇంటిపేరు ముందు రాసి పొడి అక్షరం పక్కన చుక్క పెడితే 'చెల్లని అక్షరము' అంటుంది. నాయనా, ఆ చుక్కతో మా తాతల కాలంనుంచీ బతుకుతున్నాం, మేం చెల్లాం, నీకు చెల్లకపోవడమేమిటి?

తెలుగు ఆడవాళ్ళ పేర్ల చిక్కు మీకు తెలుసు కదా. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు. పెళ్ళయ్యాక బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు. ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం. పేరు చివర 'దేవి' ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. ఏ కాగితంలో ఎలా ఉందో చూసుకుని, ఏది ఎక్కడ రాస్తే రేపు చిక్కు రాదో ఆలోచించి నింపాల్సిన గడి అది. 2017లో నేను పాస్‌పోర్ట్ తీసుకున్నప్పుడు ఈ విషయంలో వాళ్ళని మెచ్చుకున్నాను. వాళ్ళ వెబ్‌సైట్లో రెండు దార్లూ ఉండేవి. తెరమీద నింపుతావా, నింపు. లేదా ఫారం దించుకుని, నెట్ కట్టేసుకుని, ఇంట్లో కూర్చుని నీకెప్పుడు తీరితే అప్పుడు నింపి, సరిచూసుకుని, దాన్నే తిరిగి ఎక్కించు అన్నారు. నేను నాలుగు రోజులు తీసుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి నా సర్టిఫికెట్ తెప్పించుకున్నాను. తెర నాకు నాలుగు రోజులు ఇచ్చేదేనా?

ఇదంతా నవ్వుతాలుగా చెప్పుకుంటూ వచ్చాను గానీ, మా వదిన విషయంలో జరిగింది చూశాక నాకు నవ్వు రావడం లేదు.

మా పెద్దన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. వదినకి డెబ్బై ఒకటి. కుటుంబ పింఛను మీద బతుకుతోంది, ఒకరి చెయ్యి చూడకుండా. క్రితం ఏడాది పెద్దాపురంలో ఇల్లు ఖాళీచేసి కాకినాడలో చెల్లెలి పక్కవాటాలోకి మారింది. పింఛను కూడా కాకినాడకి మార్పించుకోవాలి. కాగితం రాసిస్తానంటే ఆఫీసువాళ్ళు తీసుకోలేదు. "ఆన్‌లైన్లో పెట్టండమ్మా" అన్నారు. వదిన వీధి చివర ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళింది. అక్కడి కుర్రాడు మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. తను అడగడం, ఈవిడ చెప్పడం, అతను టకటకా కొట్టడం. తెర అతనివైపే ఉంది. పావుగంటలో పని ముగించి, యాభై రూపాయలు తీసుకుని, ఒక నంబరు చీటీ మీద రాసిచ్చాడు. ఓటీపీ కోసం మాటిమాటికీ పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని ఫోన్ నంబరు దగ్గర తన నంబరే వేసుకున్నాడు. 'వైవాహిక స్థితి' అనే గడి దగ్గర, నుదుట బొట్టు చూశాడో ఏమో, జాబితాలోంచి 'వివాహిత' అని నొక్కేశాడు.

అంతే. అటుపక్క ఆఫీసులో అది వేరే అర్థం ఇచ్చింది. కుటుంబ పింఛను తీసుకుంటున్న వితంతువు వివాహిత అయిందంటే మళ్ళీ పెళ్ళి చేసుకుందన్నమాట! 'పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి' అని సందేశం పంపించారు. ఎవరికి? ఆ కుర్రాడి ఫోనుకి. అతను అప్పటికే ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. వందల మంది తాలూకు సందేశాలు అతని ఫోన్లో పడుతుంటాయి, ఎవరిదని చూస్తాడు? పింఛను ఆగిపోయింది. ఒక నెల కాదు, అయిదు నెలలు. వదిన మొదటి రెండు నెలలూ ఆలస్యమవుతోందనుకుని గాజులు తాకట్టు పెట్టుకుంది, నాకు చెప్పలేదు. మూడో నెల ఆఫీసుకి వెళ్తే అక్కడి అతను తలెత్తకుండానే "మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని ధ్రువపత్రం పట్టుకురండి" అన్నాడట, పదిమంది ఎదుట. వదిన ఆ మాట నాకు ఫోన్లో చెప్పడానికి చాలాసేపు పట్టింది.

నేను వెళ్ళి ఆ సంతకాలూ ఈ సంతకాలూ పెట్టించి తేల్చేసరికి అయిదో నెల దాటింది. డబ్బొచ్చింది. నాకు మింగుడుపడనిది డబ్బు కాదు. ఆవిడ పేర, ఆవిడ జవాబులుగా ఏమేం రాసి పంపారో ఆవిడకే తెలీదు! చేతిలో ఉన్నది పన్నెండంకెల చీటీ ముక్క. అదే కాగితం ఫారమైతే? నింపింది ఎవరైనా, సంతకం పెట్టేముందు వదిన చదివేది. వదిన ఎనిమిదో తరగతి చదివింది, తెలుగు శుభ్రంగా చదువుతుంది. 'వివాహిత' అని ఉంటే ఆ కుర్రాడి చెవి మెలిపెట్టి కొట్టేయించేది. ఒక జిరాక్సు బియ్యం డబ్బా పక్కన ఫైల్లో భద్రంగా ఉండేది.

"ఆవిడ ఫోన్ నంబరు ఇవ్వాల్సింది" అంటాడు మావాడు. ఇవ్వాల్సిందే. కాని ఈ దేశంలో ఎంతమంది ఆడవాళ్ళ చేతిలో సొంత ఫోనుంది? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో తాము వాడుకునే మొబైల్ ఉన్నవాళ్ళు నూటికి 54 మంది. ఎన్నడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు ఆడవాళ్ళలో 33, మగవాళ్ళలో 57. ఇది వయసులో ఉన్నవాళ్ళ లెక్క. మా వదిన ఈడువాళ్ళు ఆ లెక్కలోకే రారు. ఇంటికి ఒక ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో నేను చెప్పాలా? ఓటీపీ ఎవరి జేబులో మోగితే ఫారం వాళ్ళదే. దరఖాస్తుదారు పేరు దగ్గర మన పేరుంటుంది, అంతవరకే.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యంగా పెళ్ళయిన వాళ్ళం ఆలోచించుకోవాల్సింది. కాగితం ఫారం డైనింగ్ టేబుల్ మీద పడి ఉంటుంది. పచ్చడి జాడీ కింద ఎగిరిపోకుండా పెట్టి ఉంటుంది. ఇంటిల్లిపాదీ చూస్తారు. బ్యాంకు ఖాతాకి నామినీ ఎవరో, ఎంత సొమ్ముకి ఎవరి పేరు రాశారో వడ్డిస్తూ ఒక చూపు వేస్తే తెలుస్తుంది. అదే ఫోన్లో అయితే సోఫాలో కూర్చుని రెండు నిమిషాల్లో నొక్కి పారేస్తారు. దురుద్దేశం ఉండి కాదు, చెప్పాలని తోచదు. 2025 నవంబరు 1 నుంచీ ఒక్కో బ్యాంకు ఖాతాకి నలుగురు దాకా నామినీలని పెట్టుకోవచ్చని చట్టం మార్చారు, మంచిదే. మీ ఇంట్లో ఆ గడిలో ఎవరి పేర్లున్నాయో మీకు తెలుసా? నాకు తెలియలేదు. అడిగి చూపించుకున్నాను. మా అత్తగారి పేరుంది. ఆవిడ పోయి పదకొండేళ్ళు. మార్చమంటే "ఆన్‌లైన్లో చేసేస్తాలే" అన్నారు. "అక్కర్లేదు, బ్యాంకు నుంచి కాగితం తెండి" అన్నాను.

ఇంతా తిట్టాక అవతలి పక్షం చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. పి.డి.ఎఫ్. ఏమంత పతివ్రత కాదు. కొన్ని ఆఫీసులవాళ్ళు ఎప్పటిదో అరిగిపోయిన జిరాక్సుని వంకరగా ఫోటో తీసి 'డౌన్‌లోడ్ చేసుకోండి' అని పడేస్తారు. సగం గీతలు కనపడవు. తెలుగులో ఉన్న ఫారం తెరిస్తే అక్షరాలన్నీ చిందరవందరగా ఎగిరిపోయి ఏ లిపో తెలీకుండా ఉంటుంది. ఇంకొందరి తెలివి ఉంది: ఫారం దించుకోవాలి, అచ్చు వేయించాలి, చేత్తో నింపాలి, ఫోటో తీయాలి, ఆ ఫోటోని కుదించి కుదించి వాళ్ళు చెప్పిన తూకానికి తెచ్చి తిరిగి ఎక్కించాలి. బియ్యం రుబ్బి దోసెపోసి, ఆ దోసెని ఎండబెట్టి మళ్ళీ పిండి చెయ్యమన్నట్టు! అచ్చుకీ స్కానింగుకీ అయ్యే ఖర్చు కూడా మనదే.

మా కజిన్ కూతురు ఒకమ్మాయి పుట్టుకతో చూపు లేనిది, స్కూల్లో పాఠాలు చెబుతుంది. తెరమీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆమె కంప్యూటర్లో ఉంది. "పిన్నీ, మీరు మెచ్చుకునే ఆ ఫోటో ఫారం నా దగ్గర మూగది. తెరమీది ఫారాన్ని శ్రద్ధగా తయారుచేస్తే ప్రతి గడీ నాకు మాట్లాడుతుంది, ఒకరి సాయం లేకుండా నింపేస్తాను" అంది. నా నోరు మూతపడింది. ఆమెకి నా కాగితమే ఇంటర్నెట్ సెంటరు కుర్రాడన్నమాట. అయితే తెరలన్నీ శ్రద్ధగా తయారవుతున్నాయా? కెమెరా ముందు కళ్ళార్పి, బతికున్న మనిషినేనని రుజువు చేసుకోమన్నారు కొన్నిచోట్ల. యాసిడ్ దాడిలో రెప్పలు పోయినవాళ్ళు ఎలా ఆర్పుతారు? ఆ అభాగినులు సుప్రీంకోర్టుకెక్కితే, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. ఆ తీర్పు తెర తయారుచేసే ప్రతివాడి బల్లమీదా అతికించాలి.

తెరకి ఇంకో సుగుణం ఉంది, అదీ ఒప్పుకుంటాను. పాస్‌పోర్టుకి తల్లి, తండ్రి లేక సంరక్షకుడు, వీళ్ళలో ఒక్కరి పేరు చాలుననీ, పెళ్ళి సర్టిఫికెట్ అక్కర్లేదనీ, విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయక్కర్లేదనీ 2016 డిసెంబరులో రూలు మార్చారు. తెరమీద ఒక గడి తీసేస్తే ఆ క్షణం నుంచీ దేశం మొత్తం మీద లేనట్టే. అదే అచ్చు కాగితమైతే, జిరాక్సు కొట్లవాళ్ళు పాత ఫారాన్నే ఏళ్ళ తరబడి అమ్ముతూ ఉంటారు, మనం భర్తల పేర్లు రాస్తూనే ఉంటాం.

పైగా కాగితం ఇచ్చినంత మాత్రాన కథ కంచికి పోదు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణాలో ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు గుర్తుందా? మా వీధిలో ఎటు చూసినా కాగితాలే. ఉచితంగా ఇవ్వాల్సిన ఫారాన్ని జిరాక్సు కొట్లో కొనుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు. మా పనమ్మాయికి నేనే నింపిపెట్టాను, గుండ్రంగా. కోటీ పాతిక లక్షల దరఖాస్తులు పోగయ్యాయి. తర్వాత వాటన్నిటినీ ఆపరేటర్లు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించారు. అంటే నా గుండ్రటి అక్షరాలు చివరికి ఇంకెవరి వేళ్ళ మీదుగానో తెరలోకి వెళ్ళాల్సిందే. మీసేవలో కూడా అంతే కదా, మనం బల్లమీద వొంగి కాగితం నింపుతాం, అవతల మనిషి దాన్ని చూస్తూ మళ్ళీ కొడతాడు. కాని అక్కడ మన చేతిరాత ఒకటి ఉంటుంది. రేపు తేడా వస్తే 'నేను రాసింది ఇదీ' అని చూపించుకోడానికి ఆధారం ఉంటుంది. వదినకి లేనిదల్లా అదే.

మావాడు ఆఖరి అస్త్రం తీశాడు. "కౌంటర్లో గుమాస్తా నీతో ఎలా మాట్లాడేవాడో మర్చిపోయావా? తెర లంచం అడగదు, భోజనానికి లేవదు, రేపు రమ్మనదు." కాదనను. అందుకే గ్యాస్ బుక్ చెయ్యడానికీ, కరెంటు బిల్లుకీ, రైలు టిక్కెట్టుకీ నేను కాగితం అడగడం లేదు. జవాబులు నాలుక చివర ఉండే పనులవి. పింఛనూ, ఆస్తీ, నామినీ, వైద్యం, ఇలాంటివి ఆలోచించి, అడిగి, వెతికి రాయాల్సినవి. ఒక్క మాట తప్పితే అయిదు నెలలు గాజులు తాకట్టులో ఉండేవి. వీటికి ముందు ఫారం చూపించి తీరాలి.

అదేమన్నా గొంతెమ్మ కోరికా? ఆదాయపు పన్ను వాళ్ళు రిటర్ను తెరమీద నింపనిచ్చారు, దించుకుని ఇంట్లో నింపి ఎక్కించే దారీ ఇచ్చారు. ఓటరు జాబితాకి ఫారం 6 గానీ, మార్పులకి ఫారం 8 గానీ, తెరమీదైనా ఇవ్వొచ్చు, కాగితం మీదైనా ఇవ్వొచ్చు. పింఛనుదారుల జీవన ప్రమాణం సంగతి చూడండి: 2014 నవంబరు 10న డిజిటల్‌గా మొదలుపెట్టారు, 2021లో ముఖం చూపిస్తే చాలునన్నారు, అయినా బ్యాంకుకి వెళ్ళి కాగితం ఇచ్చే పాత దారిని మూసెయ్యలేదు. ఇంత పెద్ద దేశానికి ఓటర్ల జాబితా రాసేవాళ్ళకి చేతనైన పని, ముప్ఫైమంది ఉద్యోగులున్న కంపెనీకి ఎందుకు చేతకాదండీ? మనం అడక్కపోవడం వల్ల. 'లింకు పంపాం మేడమ్' అనగానే 'అలాగే' అని మనవడి చేతికి ఫోనివ్వడం వల్ల. ఈసారి ఎవరు లింకు పంపినా, 'నింపాల్సిన ప్రశ్నలన్నీ ఒక్కచోట, వీలైతే తెలుగులో, దించుకునేలా పంపండి. నింపాక నేను రాసినదాని నకలు నాకివ్వండి. నా నంబరు తప్ప ఇంకొకరి నంబరు పెట్టకండి' అని జవాబు రాయండి. నేను రాస్తున్నాను. ఇద్దరు పంపించారు. ఒకరు 'మీకు సాయం చెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేరా?' అని అడిగారు. ఉన్నారు బాబూ, ఇంటినిండా ఉన్నారు, అందుకే అడుగుతున్నాను.

పోయిన నెల వదినకి వైద్యం కార్డు తాలూకు లింకొచ్చింది. ఆన్‌లైన్లో మాత్రమే. నేను యథాప్రకారం దొంగదారిన ఆఖరి పేజీదాకా వెళ్ళొచ్చి, ముప్ఫై ఎనిమిది ప్రశ్నలూ ఠావు కాగితాల మీద తెలుగులో రాసి, గడులు గీసి, పోస్టులో కాకినాడ పంపాను. మావాడు విని కడుపుబ్బ నవ్వాడు. నవ్వనీ. వారం తిరక్కుండా వదిన నింపి పంపింది, పెన్సిలుతో. వైవాహిక స్థితి దగ్గర 'వివాహిత' అన్న మాటని రెండుసార్లు అడ్డంగా కొట్టేసింది. చాలలేదో ఏమో, దాని పక్కన 'కాదు' అని కూడా రాసింది.

ముప్ఫయ్యో ప్రశ్న, అత్యవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలి అన్నది. గడి ఖాళీగా ఉంది. పక్కన మార్జిన్లో సన్నటి అక్షరాలతో: "ఇదివరకైతే ఇక్కడ మీ అన్నయ్య పేరే రాసేదాన్ని. నీ పేరు రాయనా అమ్మాయ్?"

రాశాను. ఓటీపీ వచ్చే చోట మాత్రం తన నంబరే వేశాను.